చిట్టికి, బెంగళూరు ఆట గురించి

చిట్టీ,

డిసెంబర్‌లో బెంగళూరు వెళ్ళి, ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద మాటలు పేర్చే ఆ స్క్రాబుల్ టోర్నమెంట్ ఆడతావట, మీ అమ్మ చెప్పింది. చెప్పొద్దూ, గర్వంగా ఉంది. ఆ వెనకే టెన్షన్ కూడా పట్టుకుంది. మీ నాన్న ఏమన్నాడే అని అడిగితే, "ఏమీ అనలేదు వదినా, పేపరు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు" అంది. ఎందుకు వెళ్ళాడో నాకు తెలుసు. ఫోన్‌లో చెప్తే పక్కనుంచి వింటాడని ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆట సంగతి. రెండక్షరాల మాటలన్నీ నోటికి రావాలి. మన దగ్గర టోర్నమెంట్లు, చెల్లే మాటలకి కాలిన్స్ జాబితా పెట్టుకుని ఆడతారు, అందులో అవి 120కి పైనే. నీ ఫోన్‌లో అమెరికా జాబితా ఉంటే ఈ రోజే మార్చెయ్యి. జెడ్-ఓ కాలిన్స్‌లో చెల్లుతుంది, అక్కడ చెల్లదు. ఎస్ బిళ్ళలు నాలుగే, ఏ అక్షరంగానైనా వాడుకునే ఖాళీ బిళ్ళలు రెండే. వాటిని ఐదారు పాయింట్లకి తగలేశావంటే ఊరుకోను. ఏడు బిళ్ళలూ ఒకేసారి దించితే 50 బోనస్ అని నీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కో ఆటకి మనిషికి 25 నిమిషాలు, దాటితే నిమిషానికి 10 పాయింట్ల కోత. నీ నత్తనడక నాకు తెలుసు కాబట్టి ఇది రెండుసార్లు చదువు.

ఇక వింత మాటలు. వాటికి అర్థం తెలియక్కర్లేదు, స్పెల్లింగ్ చాలు అంటావు. నిజమే. న్యూజీలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే, మాటలు బట్టీ పట్టి, 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయన బుర్ర వేరు. నా బుర్రకి మాత్రం అర్థం తెలిస్తేనే మాట నిలుస్తుంది, నీదీ అంతేననుకుంటా. జెడ్-ఓ అంటే జడలబర్రెకీ ఆవుకీ పుట్టిన పశువు. ఆ పశువుని ఒకసారి ఊహించుకున్నాక మరిచిపోగలవా? ఏ-ఏ అంటే గరుకుగా గడ్డకట్టిన లావా, హవాయి మాట. ఏ-ఐ అంటే చెట్టుకి తలకిందులుగా వేలాడుతూ బతికే మూడు వేళ్ళ బద్ధకపు జంతువు, స్లాత్. సెలవు రోజున నువ్వన్నమాట. క్యూ వచ్చి యు రాకపోతే ఏడవకు. చీనావాళ్ళ ప్రాణశక్తి క్యూ-ఐ ఉంది, యెమెన్‌లో నమిలే ఆకు క్యూ-ఏ-టి ఉంది, ఇరాన్‌లో భూమి లోపల తవ్విన నీటి కాలువ కనాత్ ఉంది. కనాత్ కూడా క్యూతోనే మొదలు. ఫకీరు, తలాక్ కూడా చెల్లుతాయి, రెండింటిలోనూ క్యూ ఉంది, యు లేదు.

మన మాటలు చాలానే ఉన్నాయి. ధర్నా, ఘెరావ్, బంద్, హర్తాళ్, లాఠీ. వైజాగ్‌లో పెరిగినదానివి, వీటి అర్థాలు ఒకరు చెప్పాలా నీకు! స్పెల్లింగ్ దగ్గరే జాగ్రత్త. ధర్నాలో డి తర్వాత హెచ్, బంద్‌లో చివర హెచ్, ఘెరావ్ చివర ఓ. దోసకి బహువచనం చివర ఐ పెట్టినా చెల్లుతుంది. అలాగని వంటింట్లో ఉన్నవన్నీ చెల్లుతాయనుకోకు, ఒక్కొక్కటీ జాబితాలో చూసుకో.

ఇప్పుడు మీ నాన్న సంగతి. బచేంద్రి పాల్ ఎవరెస్ట్ ఎక్కిన ఏడాది, 1984. వాల్తేరు వైపు ఒక క్లబ్బులో సాయంత్రాలు స్క్రాబుల్ ఆడేవారు. ఛాంబర్స్ డిక్షనరీలో ఉంటే మాట చెల్లినట్టే. మీ నాన్న ఇంటర్ దాకా తెలుగు మీడియం, కానీ లైబ్రరీలో కూర్చుని ఆ డిక్షనరీని నమిలేశాడు. నేను పక్కన కూర్చుని స్కోరు రాసేదాన్ని. ఆ రోజు ఆఖరి ఆట, ఎదురుగా కాన్వెంటు ఇంగ్లీషు పెద్దమనిషి ఒకాయన. మీ నాన్న సి, డబ్ల్యు, ఎమ్ అని మూడు బిళ్ళలు, మాట విలువని మూడింతలు చేసే ట్రిపుల్ గడి మీద పడేలా పెట్టాడు. 30 పాయింట్లు. కొండల మధ్య గిన్నెలా ఉండే లోయని వేల్స్ వాళ్ళు అలా అంటారు. ఎవరెస్ట్ దారిలో వెస్టర్న్ కూమ్ ఉందే, అదే మాట. పేపర్లో చదివి గుర్తుపెట్టుకున్నాడు.

ఆ పెద్దమనిషి మాట చెల్లదని చాలెంజ్ చెయ్యలేదు. చేసుంటే బాగుండేది. నవ్వి, "ఇదెలా పలుకుతారు బాబూ?" అని ఇంగ్లీషులో అడిగాడు. వీడు "క్వమ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అచ్చు లేకుండా ఇంగ్లీషు మాటేమిటని ఎవడో అన్నాడు. డిక్షనరీ చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. మీ నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ తియ్యమనకుండానే మూడు బిళ్ళలూ తీసేసి ఏదో చిన్న మాట పెట్టాడు, 9 పాయింట్లు. ఆట 14 పాయింట్ల తేడాతో పోయింది.

ఆట అయ్యాక నేను ఛాంబర్స్ తెరిచి మాట చూపించాను. "సర్లే అక్కా" అన్నాడు. మళ్ళీ ఆ క్లబ్బు మెట్లు ఎక్కలేదు. ఇంట్లో కూడా బోర్డు తియ్యలేదు. నాకు ఆ పెద్దమనిషి మీద కోపం లేదు, ఎదుటివాణ్ణి తడబెట్టాలని చూసేవాళ్ళు ఏ ఆటలోనైనా ఉంటారు. బిళ్ళలు ఎత్తినవాడి మీదే కోపం. నిజానికి కోపం కూడా కాదులే. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఊళ్ళో అందరికంటే ఎక్కువ మాటలు వచ్చినవాడు, మూడక్షరాల దగ్గర అలా తల దించుకుంటే చూడలేకపోయాను.

నీకూ వాడి పోలికే. ఎవరైనా కనుబొమ్మ ఎగరేస్తే నీ గొంతు తగ్గిపోతుంది, నేను చూశాను. కాబట్టి విను. బోర్డు మీద ఉచ్చారణకి పాయింట్లు లేవు, అర్థం అడిగే హక్కు ఎవరికీ లేదు. మాట పెట్టు, స్కోరు చెప్పు, గడియారం నొక్కు. తప్పనిపిస్తే వాళ్ళే చాలెంజ్ చెయ్యాలి. కంప్యూటర్‌లో కొట్టి చూస్తారు, అది చెల్లుతుందో లేదో మాత్రమే చెబుతుంది. చెల్లకపోతే మాట వెనక్కి, నీ వంతు పోతుంది, అంతే. చెల్లితే చాలెంజ్ చేసినవాళ్ళకి ఏ నష్టమన్నది టోర్నమెంటుని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల వంతు పోతుంది, కొన్నిచోట్ల నీకు 5 పాయింట్లు కలుస్తాయి. మొదటి ఆటకి ముందే అడిగి తెలుసుకో, అడగడానికి సిగ్గుపడకు. ఎదుటివాళ్ళ ఇంగ్లీషు ఎంత జోరుగా ఉన్నా నీకు అనుమానం వస్తే నువ్వూ చాలెంజ్ చెయ్యి. జోరు చూసి వదిలెయ్యకు.

ఆదివారం లాసన్స్ బే కాలనీకి రా. గడియారం పెట్టి నాలుగు ఆటలు ఆడదాం. నీ మాటలకి నేను కావాలనే నవ్వుతాను, చూద్దాం ఏం చేస్తావో. మీ నాన్నని కూడా రమ్మను. రాడు. అయినా రమ్మను.

అత్త

తా.క.: ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ ఇప్పుడే తీసుకో, తర్వాత వెయిటింగ్ లిస్టు చూసి నాకు ఫోన్ చెయ్యకు. డిసెంబర్‌లో బెంగళూరు చలి మన బీచ్ చలిలా ఉండదు, స్వెట్టర్ పెట్టుకో.