టెక్ సందేహాలు: ట్యూనర్ ఎరుపు చూపిస్తే పాప ఏడుస్తోంది

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ఏడాదిగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. ఇంట్లో సాధనకి ఫోన్‌లో ట్యూనర్ యాప్ వేసిచ్చాను. ఏం వాయించినా ముల్లు ఎర్రగానే ఉంటోంది. ఏడ్చేసి, నాలుగు రోజులుగా వయొలిన్ ముట్టనంటోంది. మంచి యాప్ ఏదైనా చెప్పండి.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

యాప్ మార్చక్కర్లేదండీ. పాప చేతిలోంచి మీ చేతిలోకి తీసుకోండి చాలు.

ముందు సెట్టింగ్స్ చూడండి. అక్కడ ‘వయొలిన్’ అని ఎంచుకుని ఉంటారు. అలా పెడితే అది పాశ్చాత్య పద్ధతిలో జి, డి, ఎ, ఇ తీగల కోసం వెతుకుతుంది. మనవాళ్లు కలిపేది స-ప-స-ప. పాపది రెండు శ్రుతి అయితే, అంటే ‘స’ డి దగ్గర ఉంటే, ఆ నాలుగు తీగలూ డి, ఎ, డి, ఎ అవుతాయి. యాప్‌కి ఈ సంగతి తెలీదు పాపం. ‘క్రోమాటిక్’ మోడ్‌కి మార్చండి, ఏ స్వరం పలికితే ఆ పేరే చూపిస్తుంది.

అప్పుడు కూడా ఎరుపు పూర్తిగా పోదు. తొలి పాఠాలైన సరళీ వరసల్లో వచ్చే మాయామాళవగౌళ రాగపు గాంధారమే (గ) తీసుకోండి. తంబూరాలో చక్కగా కలిసిపోయేలా పలికితే, అది యాప్ గీతకి దాదాపు 14 సెంట్లు కింద ఉంటుంది. సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు. యాప్‌ది కీబోర్డు లెక్క, స్థాయిని 12 సమాన భాగాలు చేసుకుని కూర్చుంటుంది. అంటే పాప చెవి సరిగ్గా విన్నప్పుడు కూడా ఎర్రజెండా ఊపే అవకాశం ఉందన్నమాట! గమకం వేస్తే ఇక చెప్పక్కర్లేదు, ముల్లు గాలిపటం తోకలా ఊగుతుంది. నిజంగానే అపస్వరం పడుతోందా అన్నది మాస్టారు విని చెప్పాల్సిన మాట.

బిరడాలు తిప్పి తీగలు శ్రుతి చేసేంతవరకే ట్యూనర్. తర్వాత తంబూరా యాప్ పాప శ్రుతిలోనే పెట్టి, ‘డు నాట్ డిస్టర్బ్’ నొక్కి, ఫోన్ బోర్లించేయండి. ఫోన్ స్పీకర్లో మంద్ర షడ్జమం (కింది ‘స’) మరీ సన్నగా వస్తుంది. చిన్న బ్లూటూత్ స్పీకర్ తగిలిస్తే గదంతా నిండుతుంది, పిల్లలకి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

చివర్లో ఒక్క వరస రికార్డు చేసి తాతయ్యకి పంపనివ్వండి. మా ఇంట్లో మావాడి మృదంగం సాధనకి పనికొచ్చిన మందు ఇదే. ‘ఏరా, నిన్న పంపలేదేం?’ అని అటునుంచి ఫోన్ వస్తే, నేను పదిసార్లు చెప్పినదానికంటే బాగా పనిచేసేది. నెల కిందటి రికార్డూ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి పాపకే వినిపించండి. మీరేమీ వ్యాఖ్యానించకండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. బాబు జూమ్‌లో విజయవాడ గురువుగారి దగ్గర వేణువు నేర్చుకుంటున్నాడు. దీర్ఘంగా ఊదితే స్వరం మధ్యలో మాయమైపోతోందని ఆయన అంటున్నారు. నెట్ బాగానే ఉంది.

నెట్ తప్పు కాదు. ఒకే స్వరం అలా నిలబడితే జూమ్ దాన్ని ఫ్యాన్ మోత లాంటి రొద అనుకుని నొక్కేస్తుంది. లాప్‌టాప్‌లో ఆడియో సెట్టింగ్స్‌కి వెళ్లి ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఎంచుకోండి. క్లాసు మొదలయ్యాక తెరపైన కూడా ఆ బటన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, చాలామంది అక్కడే మర్చిపోతారు. బాబుకి వైరు ఇయర్‌ఫోన్లు పెట్టండి, లేకపోతే గురువుగారికి ఆయన గొంతే తిరిగి వినిపించవచ్చు. ఇద్దరూ కలిసి వాయించడం మాత్రం ఇంత దూరంలో కుదరదు. ఆయన వాయించాక వీడు వాయించడమే.

ప్రశ్న: పక్క ఫ్లాట్ వాళ్లకి ఇబ్బందని పాప కీబోర్డుని ఫోన్‌లో యాప్‌కి కలిపి, బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. తాళం తప్పుతోంది. ముందు బాగానే వాయించేది.

తాళం తప్పేది హెడ్‌ఫోన్స్ వల్లే. బ్లూటూత్‌లో మీట నొక్కాక శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యం మామూలే. తంబూరాకి ఫర్వాలేదు, అది ఎప్పుడు వినిపించినా ఒకటే. వేళ్లకి మాత్రం పనికిరాదు. యాప్ పక్కనపెట్టి, వైరు హెడ్‌ఫోన్ నేరుగా కీబోర్డుకే పెట్టండి. దాని రంధ్రం లావుగా ఉంటే 6.3 మి.మీ. పిన్ అడాప్టర్ కావాలి. కొట్లో స్టీరియోది అని గట్టిగా అడగండి, మోనోది అంటగడితే ఒక చెవిలోనే వినిపించవచ్చు.