నాయనమ్మ, తాతయ్య తినిపిస్తే బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుందా?

మీ రెండేళ్ల బాబుకు పగలంతా మీ అత్తమామలే తినిపిస్తున్నారని, దానివల్ల వాడి ఎదుగుదలకు ఏమైనా ఇబ్బంది వస్తుందా అని అడిగారు. విశాఖపట్నంలో ఇద్దరు మనవలకు తినిపిస్తున్న అమ్మమ్మగా నా సమాధానం ఒక్కటే: బిడ్డ చాలన్నప్పుడు ఆపగలిగిన పెద్దవాళ్ల చేతి ముద్దకు మించిన పోషణ లేదు.

మా అమ్మాయి పసితనంలో మేము పెదవాల్తేరులో ఉండేవాళ్లం. సాయంత్రం మా అత్తగారు అరుగు మీద కూర్చుని, చందువ చేపకు ముళ్లు తీసి, వేళ్లతో మళ్లీ నలిపి చూసుకుని, మెత్తటి పప్పన్నంలో కలిపేవారు. ఒక ముద్ద నోట్లో పెట్టి, మరో చిన్న ముద్ద దాని అరచేతిలో పెట్టేవారు; సగం గౌను మీద పడినా ఏమీ అనేవారు కాదు. ఒకరోజు పిల్ల ముఖం తిప్పుకోగానే ఆవిడ చెయ్యి కడిగేసుకున్నారు. పక్కింటావిడ, "పుల్లలా ఉంది, ఇంకో రెండు ముద్దలు కుక్కండి" అంది. "ఆకలి దాన్ది గానీ నాది కాదు కదమ్మా, ఆకలేస్తే అదే అడుగుతాది" అన్నారు మా అత్తగారు.

ఆ మాటలో శాస్త్రం ఉంది. పుట్టినప్పటి బరువు ఏడాదికల్లా సుమారు మూడింతలవుతుంది. ఆ తరువాత ఏడాదికి సుమారు రెండు, రెండున్నర కిలోల చొప్పున మాత్రమే పెరుగుతుంది కాబట్టి ఆకలి సహజంగానే తగ్గుతుంది. దాన్ని దిష్టి అనో, అరగడం లేదనో అనుకుని, అన్నం తినని బిడ్డకు పంచదార పాలు, బిస్కెట్లు పెడతారు. రోజుకు అరలీటరు దాటి పాలు తాగిన బిడ్డకు చోడి (రాగి) జావకు, గుడ్డుకు, ఆకుకూర పప్పుకు ఆకలి మిగలదు. పాలలో ఇనుము చాలా తక్కువ కనుక రక్తహీనత వచ్చే ప్రమాదం ఉంది. రెండేళ్లు దాటినా అన్నం మిక్సీలో వేసి పెడితే నమలడం ఎప్పుడు నేర్చుకుంటాడు?

పేరంటాలలో తల్లి ముఖం మీదే "బిడ్డ చిక్కిపోయాడే" అనే బంధువుల వల్ల జరిగే హాని ఇంతా అంతా కాదు. ఆ మాట పడలేకనే ఇళ్లలో బలవంతపు ముద్దలు మొదలవుతాయి. ఫోను చూపించి తినిపిస్తున్నారని అత్తగారిని తప్పుపట్టే కోడళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. మోకాళ్ల నొప్పులతో పిల్లవాడి వెంట గది గదికీ తిరగలేకనే ఆవిడ ఫోను అందుకుంటుంది. రాత్రి భోజనమైనా మీరు పెడితే ఆవిడకు ఆ అవసరం తగ్గుతుంది.

మీ బాబు టీకాల కార్డులో ఎదుగుదల పటం ఉంటుంది. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేయించి అందులో గుర్తు పెట్టించండి. గీత పైకి సాగుతున్నంతకాలం మీ అత్తగారిని నిశ్చింతగా తినిపించనివ్వండి. రెండు మూడు నెలలు అది కదలకపోతే మాత్రం పిల్లల వైద్యుడికి చూపించండి.