హైస్పీడ్ రైళ్లు సరకులను కూడా మోయగలవా?

మోయగలవు, అయితే అన్ని రకాల సరకులనూ కాదు. 1964 అక్టోబరు 1న టోక్యో, ఒసాకాల మధ్య గంటకు 210 కిలోమీటర్ల గరిష్ఠ వేగంతో జపాన్ హైస్పీడ్ రైలు షింకన్‌సెన్ మొదలైనప్పటి నుంచి ఈ మార్గాలు ప్రధానంగా ప్రయాణికుల కోసమే రూపొందుతూ వచ్చాయి. ఒక నగరం నడిబొడ్డు నుంచి మరో నగరం నడిబొడ్డుకు రెండు మూడు గంటల్లో చేర్చగలిగిన చోట అవి విమానాలతో పోటీపడి నెగ్గడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

బొగ్గు, సిమెంటు, ఇనుప ఖనిజం వంటి వాటి సంగతి వేరు. గాలి నిరోధం దాదాపు వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి, తొందర లేని సరకును అంత వేగంతో తరలించడం విద్యుత్తును వృథా చేయడమే. పైగా ఫ్రాన్స్‌లోని టీజీవీ అనే హైస్పీడ్ రైళ్ల ఇరుసు భారం (ఒక్కో ఇరుసు ద్వారా పట్టాలపై పడే బరువు) సుమారు 17 టన్నులకు పరిమితం కాగా, ఐరోపాలో గూడ్సు వ్యాగన్లకు అది 22.5 టన్నుల వరకు ఉంటుంది. అంత బరువు తరచూ పడితే, ఎంతో కచ్చితంగా అమర్చిన పట్టాలు త్వరగా దెబ్బతింటాయి.

తేలికైన, అత్యవసరమైన సరకుకు మాత్రం ఇవి చక్కగా సరిపోతాయి. ఫ్రాన్స్ తపాలా సంస్థ 1984 నుంచి 2015 వరకు పసుపు రంగు టీజీవీలలో ఉత్తరాలను, పార్సిళ్లను పంపింది. అయినా సరకు రవాణాకు వీటివల్ల కలిగే పెద్ద మేలు నా దృష్టిలో పరోక్షమైనది: ప్రయాణికుల రైళ్లు కొత్త మార్గానికి మారిన కొద్దీ, కిక్కిరిసిన పాత మార్గాల్లో గూడ్సు రైళ్లకు చోటు దొరుకుతుంది.