తిరుపతిలో ఉంటూ 1960ల నాటి తీరు స్లాట్ కార్లు కట్టుకోవడం ఎలా?

1960ల నాటి తీరులో స్లాట్ కార్లను (ట్రాక్ మీది గాడిలో కరెంటుతో పరుగెత్తే చిన్న బొమ్మ కార్లను) సొంతంగా కట్టుకోవాలని ఉందని, తిరుపతిలో ఆ సామాను అమ్మే దుకాణమేదీ మీకు కనబడలేదని, ముందు రంగుల పని నేర్చుకోవాలో యంత్రభాగం నేర్చుకోవాలో తేలడం లేదని మీరు రాశారు. తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటూ 1/32 స్కేలులో, అంటే అసలు కారులో ముప్పై రెండో వంతు సైజులో, ఈ బండ్లు కడుతున్నవాడిగా నేను చెప్పగలిగింది ఇది: ముందు చాసిస్ (మోటారు, చక్రాలు బిగించే అడుగు చట్రం) కట్టండి, దాన్ని బాడీ లేకుండానే బాగా పరుగెత్తించండి, ఆ తర్వాతే రంగుల జోలికి వెళ్లండి. నేను మొదటి రెండు బండ్లకు వారాల తరబడి రంగులు వేసి, ముస్తాబు చేసి ట్రాక్ మీద పెడితే, రెండూ మొదటి మలుపులోనే గాడి తప్పి బోల్తా పడ్డాయి.

బ్రిటన్‌లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన, తన కంపెనీ తయారు చేస్తున్న కీ ఇస్తే నడిచే రేకు కార్లలో విద్యుత్ మోటారు అమర్చి, 1957లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో స్లాట్ కార్లుగా బయటికి తెచ్చారు. ఇప్పటి బండ్లలో చాలావాటికి అడుగున అయస్కాంతం ఉండి, అది బండిని ట్రాక్‌కు పట్టి ఉంచుతుంది. పాత బండ్లకు ఆ ఆధారం లేదు కాబట్టి మలుపులో వెనుక చక్రాలు జారతాయి, ఆ జారుడును చేతిలోని కంట్రోలర్ మీద వేలి ఒత్తిడితోనే అదుపు చేయాలి. పాత తీరు అంటే నా దృష్టిలో ముందు ఇదే, రూపం తర్వాతిది. అందువల్ల అయస్కాంతం పెట్టవద్దు. బరువు కావాలంటే వీల్ బ్యాలెన్సింగ్ చేసే దుకాణాల్లో అంటించే 5 గ్రాముల బిళ్లలు దొరుకుతాయి. వాటిని చాసిస్ మీద వీలైనంత కిందుగా అతికించండి.

చాసిస్‌కు ఇత్తడి గొట్టం, ఇత్తడి రేకు, 1.5 మి.మీ. పియానో వైరు (గట్టి ఉక్కు తీగ) చాలు. ఇత్తడికి సోల్డరింగ్ చేయడం నాకు నేర్పింది పాత బిందెలకు మాట్లు వేసే ఒక పెద్దాయన. ఎలక్ట్రానిక్స్ పనికి వాడే 25 వాట్ల ఐరన్‌తో నేను కుస్తీ పడుతుంటే చూసి, "సీసం కరిగితే చాలదు నాయనా, ఇత్తడి వేడెక్కాలి" అన్నారు. అప్పటి నుంచి 60 వాట్ల ఐరన్ వాడుతున్నాను. వైరును ఎమెరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, చెక్క మీద మేకులు కొట్టి వాటి మధ్య బిగించి, రెండు ముక్కలూ వేడెక్కాక సీసం తాకిస్తే, అది దానంతట అదే సందులోకి పాకుతుంది. సీసం బాగా అంటుకోవడానికి మాట్లకు వాడే యాసిడ్ ఫ్లక్స్ వాడితే మాత్రం పని కాగానే వంటసోడా నీళ్లతో కడగాలి, లేకపోతే నెల తిరగకుండానే వైరు తుప్పు పడుతుంది.

మోటారు, గేర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. బొమ్మల్లో వచ్చే 3 వోల్టుల మోటారు 12 వోల్టుల ట్రాక్ మీద కాలిపోతుంది. అదే సైజులో 12 వోల్టులది అడిగి తీసుకోవాలి, నేను చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొంటాను. 9 పళ్ల పినియన్‌కు (మోటారు మీది చిన్న గేరుకు) 27 పళ్ల క్రౌన్ గేర్ (వెనుక ఇరుసు మీది పెద్ద గేరు) జతచేస్తే మొదటి బండికి సరిపోతుంది.

టైర్లను మాత్రం ఓపికగా చూసుకోండి. కొత్త టైరు గుండ్రంగా కనబడుతుందే గాని నిజంగా గుండ్రంగా ఉండదు. ఎమెరీ పేపరును గాజుపలక మీద అతికించి, రెండు చుక్కల నీళ్లు వేసి, మోటారుకు 6 వోల్టులు ఇచ్చి, తిరుగుతున్న వెనుక చక్రాలను దాని మీద పైపైన ఆనించాలి. మొదట టైరు మీద ఒకవైపే మసక చార పడుతుంది, అది వెడల్పయి అంచు నుంచి అంచుదాకా పరుచుకున్నప్పుడు చేతికి తగులుతున్న అదురు ఆగిపోతుంది. అక్కడ ఆపేయండి.

ఇక బాడీ. చెన్నై దగ్గరి షోలవరంలో విమానాల పాత రన్‌వే మీద జరిగిన రేసుల్లో పరుగెత్తిన ఫియట్ 1100 అంటే నాకు ప్రాణం. అసలు బండి చక్రాల మధ్య దూరం 2340 మి.మీ., దాన్ని 32తో భాగిస్తే 73 మి.మీ. వస్తుంది. ఫొటోలు, కొలతలు తీసుకుని ఏర్పేడు దగ్గరి మాధవమాల వెళ్లి, అక్కడి కొయ్య శిల్పి ఒకరి చేత టేకు ముక్కలో అచ్చు చెక్కించాను. దేవతామూర్తులు చెక్కే ఆ చేతులు ఫియట్ ముందు భాగంలోని గుండ్రాన్ని ఒక్క పూటలో పట్టుకున్నాయి. పలుచని పారదర్శక ప్లాస్టిక్ షీటును వేడిచేసి, అది మధ్యలో కుంగగానే అచ్చు మీద పరిచి, వాక్యూమ్ క్లీనర్‌తో కింద నుంచి గాలి లాగితే బాడీ తయారవుతుంది.

ఇలాంటి బాడీకి రంగు లోపలి నుంచి వేస్తారు కాబట్టి క్రమం తలకిందులవుతుంది. బయటికి అన్నిటికంటే పైన కనబడవలసినది ముందు వేయాలి. తలుపు మీద అంకెను అద్దంలో కనబడేటట్టు తిరగేసి నల్లగా రాసి, ఆరాక దాని మీద తెల్లని వృత్తం, ఆ తర్వాతే ఒంటి రంగు. కాళహస్తి కలంకారీలో బెల్లం, ఇనుము ఊరబెట్టిన నల్లరంగుతో గీతలు ముందు పడి, ఎరుపు, నీలం తర్వాత వచ్చినట్టే ఇక్కడా నలుపుదే మొదటి వంతు. వానరోజున స్ప్రే చేయవద్దు, గాలిలోని తేమకు రంగు పాలిపోతుంది.

ముస్తాబులో కాలం తప్పకుండా చూసుకోండి. 1968లో లోటస్ జట్టు సిగరెట్ కంపెనీ రంగులు పూసుకునే దాకా ఫార్ములా వన్‌లో బ్రిటిష్ జట్లకు ముదురు పచ్చ, ఇటలీ జట్లకు ఎరుపు, ఫ్రెంచి జట్లకు నీలం వాడుక. బండి నిండా ప్రకటనలు అంటిస్తే అది ఆ కాలపు బండి కాదు. డ్రైవరు బొమ్మకు ముఖమంతా కప్పే హెల్మెట్ కూడా వద్దు, కళ్లద్దాలు, తెరిచిన ముఖం ఉండాలి.

ట్రాక్ గురించి మీరు అడగలేదు గాని ఒక్క మాట చెప్పాలి. 2021 నవంబరు వానలకు మా ఇంట్లోకి నీళ్లొచ్చి నా ఎం.డి.ఎఫ్. (చెక్క పీచు అదిమి చేసిన పలక) ట్రాక్ ఉబ్బిపోయింది, 3 మి.మీ. గాడి మూసుకుపోయి, బండిని గాడిలో నడిపించే గైడ్ రెక్క అందులో దిగలేదు. ఇప్పుడు 12 మి.మీ. ప్లైవుడ్‌లో గాడి తీయించి, గాడి లోపలి గోడలకు కూడా రెండు పూతలు ప్రైమర్ వేశాను, మళ్లీ ఉబ్బలేదు. మీ చాసిస్ సిద్ధమయ్యాక ఇక్కడే ఒక మాట రాయండి, మా ట్రాక్ మీద నడిపి చూద్దాం. బాడీ లేకపోయినా ఫరవాలేదు.