ఏడేళ్లకు పోతుందని ఎవరు చెప్పారండీ?

అమెరికాలో ఫెలనీ (పెద్ద నేరం) పడితే ఎన్నాళ్లు రికార్డులో ఉంటుంది, ఏడేళ్లు ఆగితే పోతుందా అని అడిగారు. పోదండీ. ఈ ఏడేళ్ల మాట ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతూ ఉంటుంది, అసలు సంగతి ఎవరూ చెప్పరు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసే కంపెనీలు శిక్ష పడకుండా వదిలేసిన అరెస్టులను ఏడేళ్లు దాటాక చూపించకూడదని ఫెడరల్ చట్టం, అంతే. శిక్ష పడితే ఆ చట్టంలో గడువే లేదు. కాలిఫోర్నియా లాంటి చోట శిక్షలకు కూడా ఏడేళ్ల పరిమితి పెట్టుకున్నారు, మిషిగన్‌లో 2023 నుంచి కొన్ని ఫెలనీలు పదేళ్లకు వాటంతట అవే మరుగున పడుతున్నాయి. కానీ ఇదంతా ఉద్యోగాల వరకే. వీసా మీద ఉన్నవాళ్ల కథ వేరు.

మా పిన్ని కొడుకు 2016లో డాలస్ దగ్గర ఎం.ఎస్. చేస్తూ ఒక షాపులో పనిచేసేవాడు. తోటివాడు చెప్పాడని దొంగ రీఫండ్లు గిఫ్ట్ కార్డుల్లోకి ఎక్కించాడు. చేసింది తప్పే, నేను వెనకేసుకు రావడం లేదు. మొత్తం 2,500 డాలర్లు దాటింది, టెక్సస్‌లో ఆ గీత దాటితే ఫెలనీ. లాయరు "గిల్టీ అని ఒప్పుకో, డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇస్తారు, అంటే తీర్పు వాయిదా వేసి ప్రొబేషన్‌లో, కోర్టు నిఘాలో పెడతారు, రెండేళ్లు బుద్ధిగా ఉంటే శిక్ష పడనట్టే" అన్నాడు. టెక్సస్ చట్టం ప్రకారం అది నిజమే. ఇమిగ్రేషన్ లెక్కలో మాత్రం నేరం ఒప్పుకుని, జడ్జి ప్రొబేషన్ వేస్తే అది శిక్షే. ఈ ముక్క ముందే చెప్పాల్సిన బాధ్యత లాయరుదని 2010లోనే పడిల్లా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వాడికి ఒక్క మాట చెప్పలేదు, ఫీజు మాత్రం ఫుల్లుగా తీసుకున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రెండేళ్లు గడిచాయి, ఆ తర్వాత ఐదేళ్లు ఆగి 2023లో కేసు సీల్ చేయించుకున్నాడు, అంటే బయటివాళ్లకు కనిపించకుండా మూయించుకున్నాడు. చెల్లి పెళ్లికి ఇండియా వచ్చి, తిరిగి వెళ్లడానికి వీసా స్టాంపింగ్ ఫారం మా డైనింగ్ టేబుల్ మీదే నింపాడు. అందులో, క్షమాభిక్ష లాంటివి దొరికినా సరే, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని ఉంటుంది. "అక్కా, సీల్ అయిపోయింది కదా, ఇంక లేనట్టేగా" అన్నాడు. నేను పక్కనే కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. "లేనట్టేరా" అన్నాను. 'నో' కొట్టాడు. అరెస్టు నాటి వేలిముద్రలు ఎఫ్‌బీఐ దగ్గర ఉంటాయని, సీల్ చేసినా ప్రభుత్వానికి కనిపిస్తాయని మా ఇద్దరికీ తట్టలేదు. ఇంటర్వ్యూలో వీసా ఆఫీసరు స్క్రీన్ చూసి రెండే ప్రశ్నలు అడిగిందట. పాత కేసు ఒకటి, అబద్ధం చెప్పడం ఇంకొకటి, రెండింటి మీదా వీసా ఇవ్వలేదు. ఆ అబద్ధానికి పడే నిషేధానికి గడువు లేదు, మినహాయింపు దొరికితేనే మళ్లీ వెళ్లగలడు. వాడి కారు, సామాను అన్నీ అక్కడే ఉండిపోయాయి, ఫ్రెండ్సే అమ్మిపెట్టారు. చుట్టాలకేమో అమ్మానాన్నల కోసం వచ్చేశాడని పిన్ని చెబుతోంది.

అందుకే మీవాళ్ల కేసుని ఒక్క క్రిమినల్ లాయరుకే వదిలేయకండి, ఇమిగ్రేషన్ లాయరుకీ చూపించండి, అదీ గిల్టీ అనకముందే. ఇప్పటికే అయిపోయి ఉంటే కోర్టు ఇచ్చే డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసి దాచండి, సీల్ చేయించక ముందే. తర్వాత వాటి కోసం తిరగడం చాలా కష్టం, గ్రీన్‌కార్డుకైనా సిటిజన్‌షిప్‌కైనా అడిగేది ఆ కాగితమే.