పోకెమాన్ కార్డుల డబ్బా దొరికిన మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అన్నయ్య అమెరికా నుంచి తెచ్చి అటక మీద పడేసిన పోకెమాన్ కార్డుల డబ్బా దొరికిందని, లక్షలు పలుకుతాయని ఎవరో అన్నారని రాశావు. ధర సంగతి ఆఖరున. నీ చేతిలో ఉన్నది ఏ కార్డో, ఏ స్థితిలో ఉందో తేలే వరకు ఎవరు ఎంత చెప్పినా చెవిన పెట్టకు.

కార్డు అడుగున సన్నని అక్షరాల్లో 1995 అని కనిపిస్తే అది ఆ ఏటి కార్డు అనుకునేవు. అది కాపీరైట్ సంవత్సరం. ఈ కార్డులు జపాన్‌లో వచ్చిందే 1996లో, ఇంగ్లిష్‌లో 1999లో. తర్వాత కింద మూలన నంబరు చూడు. 4/102 అంటే 102 కార్డుల మొదటి సెట్‌లో నాలుగోది, అందరూ వెతికే చారిజార్డ్ అనే పోకెమాన్ బొమ్మ కార్డు. పక్కన గుండ్రటి చుక్క ఉంటే మామూలు కార్డు, డైమండ్ ఉంటే కాస్త తక్కువగా దొరికేది, నక్షత్రం ఉంటే అరుదు. నక్షత్రం ఉన్నంత మాత్రాన డబ్బు రాదు, అలాంటివి బోలెడు. 83/82 అని ఉంటే అచ్చుతప్పని పక్కన పెట్టకు. అది టీమ్ రాకెట్ సెట్‌లోని డార్క్ రైచు, లెక్కకు మించి కలిపిన సీక్రెట్ రేర్.

మొదటి సెట్ కార్డైతే బొమ్మ కింద ఎడమ పక్కన ఫస్ట్ ఎడిషన్ నల్ల ముద్ర ఉందేమో చూడు. లేకపోతే బొమ్మ చట్రం కుడి అంచు చూడు. అక్కడ నీడ లేకపోతే షాడోలెస్ అంటారు, తొలి అచ్చుల్లోది. నీడ ఉంటే తర్వాత విరివిగా వేసిన అన్‌లిమిటెడ్. బొమ్మ ఒకటే అయినా ధరల్లో చాలా తేడా ఉంటుంది. ముద్రను తర్వాత వేసి అమ్మే మోసగాళ్లూ ఉన్నారు, జాగ్రత్త.

నకిలీ పట్టుకోవడానికి కార్డు వంచి చూడమంటారు కొందరు. ఆ పని చచ్చినా చేయకు. అదే కాలం నాటి చవక అసలు కార్డు ఒకటి పక్కన పెట్టుకుని, రెండిటి వెనకా ఫోన్ టార్చి వెయ్యి. అసలుదానికి పొరల మధ్య నల్లటి పొర ఉంటుంది, వెలుతురు అంతగా దాటదు. చాలా నకిలీల్లో ఇట్టే దాటిపోతుంది. భూతద్దంలో అక్షరాల అంచులు, వెనక వైపు నీలం రంగు కూడా పోల్చు. ఫ్యాన్సీ షాపుల్లో అమ్మే బంగారు రంగు రేకు కార్డులైతే పిల్లలకిచ్చేయ్.

అసలు డబ్బంతా స్థితిలోనే ఉంది. ట్యూబ్‌లైట్ కింద కార్డును ఏటవాలుగా పట్టి మెల్లగా తిప్పు. మెరుపు బొమ్మ మీద గీతలు అప్పుడే బయటపడతాయి. వెనక్కి తిప్పి నీలం అంచుల్లో తెల్లగా రంగు లేచిందేమో, మూలలు మొద్దుబారాయేమో, చుట్టూ అంచు సమానంగా ఉందో లేదో చూడు. ఒక్క మడత పడినా ధర సగానికి సగం పడిపోవచ్చు. మురికి కనిపించినా తడిబట్టతో తుడవొద్దు. రబ్బరు బ్యాండు ఉంటే ఇప్పుడే తీసేయ్.

మన ఊరి సముద్రపు చెమ్మ వీటికి పెద్ద శత్రువు. మెరుపు రేకు చెమ్మ పీల్చదు, కాగితం పీలుస్తుంది. అందుకే కార్డు విల్లులా వంగుతుంది. ఒక్కో కార్డును స్లీవ్ అనే మెత్తటి ప్లాస్టిక్ తొడుగులో, మంచివాటిని ఆ పైన టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచు. సముద్రం వైపు గోడకు ఆనిన బీరువాలో మాత్రం పెట్టకు.

ఇక ధర. ఆన్‌లైన్ వేలాలు, అమ్మకాలు జరిగే ఈబే సైటులో అడుగుతున్న రేట్లు చూసి సంబరపడకు, ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టి, అదే అచ్చు, అదే స్థితి ఉన్నవి ఇటీవల ఎంతకు పోయాయో చూడు. ఒక్క అమ్మకాన్ని పట్టుకుని లెక్క కట్టకు. పీఎస్ఏ లాంటి విదేశీ సంస్థలు కార్డు అసలుదేనా అని చూసి, స్థితిని బట్టి 1 నుంచి 10 వరకు గ్రేడ్ ఇస్తాయి. కానీ విదేశానికి పంపే ఖర్చు, ఫీజు, కస్టమ్స్ గొడవ కలుపుకుని కూడా మిగులుతుందంటేనే పంపు. డబ్బాలో అలాంటివి రెండో మూడో ఉన్నా గొప్పే. ఎవరైనా ఇంటికొచ్చి మొత్తం కట్టగా ఇచ్చేయమంటే టెన్షన్ పడి ఒప్పుకోకు. ఆ మంచి రెండు మూడింటి కోసమే వాళ్లు వస్తారు.

నక్షత్రం ఉన్నవన్నీ వేరు చేసి, ముందూ వెనకా ఫొటోలు పంపు. నా భూతద్దం మీ అమ్మ వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను.

ఇట్లు
మీ మామయ్య