ఏడవని బిడ్డకూ నొప్పి ఉంటుంది

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రంతా గుర్తొస్తూనే ఉంది. మీ వార్డులో 29 వారాలకే పుట్టిన పాపకు రక్త పరీక్ష కోసం మడమ గుచ్చితే కిక్కురుమనలేదనీ, పెద్దగా నొప్పి తెలియలేదేమోననీ అన్నావు. అలా కాదు తల్లీ. నొప్పిని అణచడానికి మెదడు నుంచి దిగే నరాల దారి నెలలు నిండని పిల్లల్లో ఇంకా సరిగా ఏర్పడదు. కాబట్టి వాళ్లకు నొప్పి ఎక్కువే. ఏడ్చే ఓపిక ఉండదంతే.

నేను డ్యూటీలో చేరిన కొత్తలో పెద్దవాళ్లే "పసిగుడ్డుకేం తెలుస్తుంది" అనేవారు. 1987లో ఆనంద్, హిక్కీ అనే వైద్యులు రాసిన వ్యాసం ఆ నమ్మకాన్ని కదిలించింది. అంతకుముందు నా చేత్తో ఎందరికి ఊరికే గుచ్చానో తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఏడుపు కోసం చూడకు, ముఖం చూడు. కనుబొమలు ముడిపడతాయి, కళ్లు బిగుసుకుంటాయి, ముక్కు పక్క గీత లోతవుతుంది. మానిటర్లో గుండె వేగం పెరిగి ఆక్సిజన్ తగ్గుతుంది. మరీ నీరసించిన బిడ్డ ఒళ్లు వదిలేస్తుంది. అది నిద్ర అనుకోకు.

అసలు పని సూదికి ముందే ఉంది. రెండు పరీక్షలకు ఒక్క గుచ్చు సరిపోతుందా అని డాక్టరుగారిని అడుగు, మొహమాటపడకు. బిడ్డ పరిస్థితి బాగుండి తల్లి దగ్గరుంటే, పది పదిహేను నిమిషాల ముందే ఆమె గుండెల మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టు. గుచ్చేటప్పుడు కూడా అక్కడే ఉండనీ. అన్నిటికన్నా నాకు దీని మీదే గురి.

రాత్రి రెండింటికి తల్లి ఉండదు. అప్పుడు ఇంకో సిస్టర్‌ని పిలువు. ఆమె ఒక అరచెయ్యి తల మీద ఉంచి, రెండో చేత్తో కాళ్లు పొట్ట దగ్గరికి మడిచి, కడుపులో ఉన్నట్టు పొదివి పట్టుకోవాలి. తట్టడం, ఊపడం వద్దు. చేతులు కదలకుండా, వెచ్చగా ఉంటే చాలు.

నోటి ద్వారా ఇవ్వొచ్చని డాక్టరుగారు చెప్తే, రెండు నిమిషాల ముందు తల్లి పిండిన పాలు చుక్కచుక్కగా నాలుక మీద వేసి, చీకడానికి పీక పెట్టు. 24 శాతం సక్రోజ్, అంటే మందుగా వచ్చే పంచదార ద్రావణం, వాడితే మోతాదు వాళ్లే చెప్పాలి. వార్డులో పంచదార నీళ్లు కలపకు. అమ్మమ్మలు తేనె తెస్తారు, నచ్చజెప్పి పక్కన పెట్టించు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదం.

గుచ్చేది మడమ పక్కల, నడిమధ్యన కాదు. సూది కన్నా రక్తం కోసం పిసకడమే ఎక్కువ బాధ పెడుతుంది. ఎక్కువ రక్తం కావాలంటే చెయ్యి తిరిగినవాళ్ల చేత రక్తనాళం నుంచి తీయించు.

పనైపోగానే చేతులు తీసెయ్యకు. నుదురు విప్పారి, గుండె వేగం మామూలయ్యేదాకా ఉంచు. ప్లాస్టర్ తీసేటప్పుడూ హడావిడి వద్దు. తడిపి, చర్మాన్ని వేలితో అదిమిపట్టి, మెల్లగా వెనక్కి మడుస్తూ తియ్యి. ఉల్లిపొర లాంటి చర్మం, లాగితే దాంతో పాటే వచ్చేస్తుంది.

నీ పెద్దమ్మ